డేలియా దుంపల డైరీ: తవ్వకం నుంచి మళ్ళీ నాటే దాకా

నవంబరు, తవ్వకం

ఈసారి డేలియా గుత్తుల్ని, అంటే పాత కాడ మొదట్లో గుంపుగా అతుక్కుని ఉండే దుంపల్ని, తవ్వగానే కోయట్లేదు. గుత్తి గుత్తిగానే చలికాలం గట్టెక్కించి, వసంతంలో నాటబోయే ముందు విడదీస్తాను. తవ్వగానే కోసేవాళ్ళ వాదనలోనూ పస ఉంది. అప్పుడు కాడ ఇంకా పచ్చిగా ఉంటుంది, కత్తి తేలిగ్గా దిగుతుంది, విడి దుంపలకు చోటూ తక్కువే పడుతుంది. కానీ ఆ సమయంలో చాలా రకాల్లో కళ్ళు, అంటే మొలక లేచే మొగ్గలు, సరిగ్గా కనపడవు, ఊహించి కోయాలి. చలికాలం దాటేసరికి కాడ మొదలు చెక్కబారి కోత కష్టమవుతుంది గానీ కళ్ళు ఉబ్బి పైకి తేలతాయి. చేతికి శ్రమ ఎక్కువైనా ఫర్వాలేదు, కన్ను చూసి కోయడమే నాకు ఇష్టం.

కన్ను కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, దుంప ఎంత లావుగా ఉన్నా కన్ను లేకపోతే అది మొలవదు. బంగాళదుంప నిజానికి కాండం, అందుకే దాని ఒంటినిండా కళ్ళుంటాయి. డేలియా దుంప ఉబ్బిన వేరు. చిలగడదుంప కూడా ఉబ్బిన వేరే, కానీ దానికి ఒంటి మీద కొత్తగా మొలకలు పుట్టించుకునే శక్తి ఉంది. డేలియాకు అదీ లేదు. దాని కళ్ళన్నీ పాత కాడ మొదట్లోనే, దుంప మెడ వచ్చి కాడకు అతుక్కునే ఆ సన్నని పట్టీలోనే ఉంటాయి. మిగతా దుంపంతా ఆ కంటికి తిండి, నీళ్ళు దాచిపెట్టిన గోదాం. చలికాలమంతా మనం కాపాడాల్సింది ఆ పట్టీని.

అసలు విడదీయడం ఎందుకు, విత్తనం వేసుకుంటే పోదా అనిపించవచ్చు. విత్తనం వేస్తే అదే పువ్వు రాదు. చాలా మొక్కల్లో రెండేసి ప్రతులుగా ఉండే క్రోమోజోములు తోట డేలియాలో ఎనిమిదేసి ప్రతులుగా ఉంటాయి. అందుకే ప్రతి విత్తనం నుంచీ ఒక కొత్త పువ్వు పుడుతుంది. 1920ల నాటి ఎర్రపూల రకం బిషప్ ఆఫ్ లాండాఫ్ ఇప్పటికీ అదే రంగుతో, అదే నల్లటి ఆకుతో ఉందంటే, ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు దాని దుంపల్ని విడదీస్తూనో, కొమ్మలు పాతుతూనో వస్తున్నందువల్లే.

మంచు పడి ఆకులు నల్లబడ్డాక ఓ వారం పైన ఆగి తవ్వాను. ఆ ఆలస్యం దుంప తోలు ముదరడానికి. పగటి పొద్దు 12 గంటల కన్నా తగ్గుతున్న కొద్దీ డేలియా పూల మీద శ్రద్ధ తగ్గించి దుంపలు ఊరబెట్టుకుంటుంది. తొందరపడి తవ్వితే సన్నటి, తోలు పలచని దుంపలే దొరుకుతాయి, అవి నిల్వకు ఆగవు. కాడను జానెడు ఎత్తు ఉంచి కోసి, చుట్టూ ఒక అడుగు దూరంలో ఫోర్కు దింపి, మట్టి మొత్తం వదులయ్యాక రెండు చేతులూ గుత్తి కిందికి పెట్టి ఎత్తాను. కాడ పట్టుకుని లాగితే గుత్తి బయటికి వస్తుంది గానీ దుంపల మెడలు నలిగిపోతాయి. ఆ నలుగుడు ఆ రోజు కనపడదు, జనవరిలో కుళ్ళుగా కనపడుతుంది.

కడిగి, బోలు కాడల్లో నీళ్ళు నిలవకుండా గుత్తుల్ని తలకిందులుగా పెట్టి, నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే తోలు పగులుతుంది. మట్టితోనే దాచేవాళ్ళూ ఉన్నారు. నేను కడగడానికి కారణం ఒకటే, కడిగితే తప్ప గాయాలు, కణుతులు బయటపడవు. ప్రతి గుత్తి కాడకూ తీగతో పేరు కట్టాను.

నవంబరు చివర, డబ్బాలు

డేలియా పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల ఎత్తు ప్రాంతాలు. 1963 నుంచి అది మెక్సికో జాతీయ పుష్పం. అక్కడ వానలు ఆగిపోయిన నెలల్లో పైన ఆకు ఎండిపోతుంది, దుంప నేలలో నిద్రపోతుంది. ఆ నేల చల్లగా ఉంటుంది గానీ గడ్డకట్టదు. పొడిగా ఉంటుంది గానీ పూర్తిగా ఎండిపోదు. ఇది బుర్రలో పెట్టుకుంటే నిల్వ సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు. చలి 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. సున్నా కిందికి పోతే దుంపలోని నీరు గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి, మంచు కరిగాక చేతిలోకి ముద్దే వస్తుంది. 10 దాటి చాన్నాళ్ళుంటే మెలకువ వచ్చి మొలకెత్తడమో, ఒట్టిపోవడమో మొదలవుతుంది. గాలిలో తేమ 75 నుంచి 90 శాతం మధ్య ఉంటే మేలు. అంత తేమ మామూలు గదిలో ఉండదు, అందుకే దుంపల చుట్టూ ఏదో ఒకటి నింపడం.

ఈ ఏడాది పోల్చి చూడాలని వేర్వేరుగా పెట్టాను. పెద్దపూల రకాలు, అంటే కాఫే ఓ లే, థామస్ ఎడిసన్, కాస్త తడి తగిలించిన వర్మిక్యులైట్‌లో, అంటే తేమ పట్టుకునే తేలికపాటి ఖనిజపు పలుకుల్లో. తడి అంటే పిడికిట్లో గట్టిగా పిండినా చుక్క రాలకూడదు, అంతే తడి. బిషప్ గుత్తులు, బంతుల్లాంటి చిన్నపూల రకాలు చిత్రిక పొట్టులో. రంపపు పొడి వాడలేదు, అది నీళ్ళు పట్టుకుని దుంపకు గాలి ఆడనివ్వదు. ఒక ఊదా రంగు రకానికి మాత్రం తవ్వినప్పుడే కళ్ళు స్పష్టంగా కనపడ్డాయి. దాన్నొక్కదాన్నీ అప్పుడే విడదీసి, కోతలు బాగా ఆరాక ఒక్కో దుంపను వంటింటి ప్లాస్టిక్ పొరలో చుట్టాను. చుట్టేటప్పుడు ఒక దుంప ఇంకోదాన్ని తాకకుండా పొరను మధ్యమధ్యలో మడవాలి, అప్పుడు ఒకటి కుళ్ళినా పక్కదానికి అంటదు.

డబ్బాల మూతలు పూర్తిగా బిగించలేదు. ప్రతి డబ్బాలో ఉష్ణోగ్రత, తేమ చూపించే చిన్న మీటర్ పెట్టాను. గది గోడ మీద మీటర్ చూపించే అంకెకూ డబ్బా లోపలి అంకెకూ పొంతన ఉండదు, లోపలిదే చూడాలి.

డిసెంబరు, జనవరి, తనిఖీలు

రెండు మూడు వారాలకోసారి అన్నీ బయటికి తీసి చూస్తున్నాను. ఇది చాలామంది దాటేసే పని. నిల్వ పద్ధతి ఏదైనా సరే, మధ్యలో చూసుకోకపోతే దాని వల్ల లాభం లేదని గట్టిగా నమ్ముతాను.

కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. మంచి దుంప నొక్కితే గట్టిగా ఉంటుంది, తోలు కాస్త ముడత పడినా లోపల బిగువుంటుంది. ఒట్టిపోతున్న దుంప తేలికైపోతుంది, వంచితే రబ్బరులా వంగుతుంది. కుళ్ళుతున్నది ఒకచోట మెత్తగా లోపలికి దిగిపోతుంది, వాసనొస్తుంది. ఈ చివరి రెండింటికీ మందు వేరు వేరు.

ముడతకు నీళ్ళు. చిత్రిక పొట్టు డబ్బాలో చిన్నపూల రకాల దుంపలు జనవరి మొదటికే వడలడం మొదలైంది. సన్నటి దుంపకు ఒంట్లో నీరు తక్కువ, దాంతో పోలిస్తే తోలు వైశాల్యం ఎక్కువ, కాబట్టి అదే ముందు ఆరుతుంది. పొట్టు మీద పిచికారీతో సన్నగా నీళ్ళు చల్లి, డబ్బా లోపల ప్లాస్టిక్ షీటు వేశాను. తర్వాతి తనిఖీకి తేమ 60 నుంచి 80కి ఎక్కింది. దుంపలు పూర్వపు నునుపుకు రాలేదు గానీ వడలడం ఆగింది. వసంతంలో మొలవడానికి ఆ మాత్రం బిగువు చాలు.

పైపైన తెల్లబూజు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. గుడ్డతో తుడిచి, ఒక పూట గాలికి పెట్టి, మూత కాస్త ఎక్కువ తెరిస్తే సరిపోతుంది. కుళ్ళుకు మాత్రం కత్తి. మెత్తబడ్డ చోటు నుంచి మొదలుపెట్టి, తెల్లటి గట్టి కండ వచ్చేదాకా కోసుకుంటూ పోవాలి. కోతలో ఎక్కడైనా గోధుమరంగు చార కనిపిస్తే ఇంకా కింద కుళ్ళు ఉన్నట్టే. మంచి కండ రాగానే గంధకం పొడి అద్ది, ఆరాక మళ్ళీ డబ్బాలో పెట్టాలి. కుళ్ళు మెడ దాటి కాడ మొదట్లోకి పాకితే ఆ దుంపను వదులుకోవడమే మంచిది, లేకపోతే గుత్తి మొత్తం పోతుంది.

వర్మిక్యులైట్ డబ్బాలో కుళ్ళినవి దాదాపు అన్నీ తల్లి దుంపలే. అంటే పోయిన వసంతంలో మనం నాటిన పాత దుంప. రంగు ముదురుగా, తోలు గరుగ్గా, చుట్టూ పీచు వేర్లతో వికారంగా లావెక్కి ఉంటుంది. దాని పని అయిపోయింది. కొన్ని బాగానే ఉంటాయి గానీ, పక్కన కొత్త దుంపలు నిండుగా ఉన్నప్పుడు దాన్ని మొదటి తనిఖీలోనే కోసి తీసేయడం క్షేమం.

ఫిబ్రవరి చివర, నిద్ర లేపడం

డబ్బాల్ని 18 నుంచి 21 డిగ్రీలుండే గదిలోకి మార్చాను. గుత్తుల్ని వెడల్పు ట్రేలలో తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద పరిచి, కాడ మొదళ్ళు పైకి కనిపించేలా ఉంచాను. వాటి మీద మట్టి వేయకూడదు. వేస్తే కన్ను కనపడదు, పైగా పాత కాడలో తడి నిలుస్తుంది. రోజూ పొద్దున సన్నటి పిచికారీ.

ఓ వారానికే బిషప్ గుత్తుల మీద కళ్ళు లేచాయి. గుండుసూది తలంత ఉబ్బు, కొన్ని రకాల్లో లేత గులాబీ రంగు, కొన్నింట్లో పచ్చ. మొదట్లో అది కన్నా, కాడ మీద మచ్చా అని టెన్షన్ పడేవాళ్ళు వేలి కొనతో మెల్లగా తడిమి చూడండి. మచ్చ చదునుగా తగులుతుంది, కన్ను లేచి ఉంటుంది. కాఫే ఓ లే మాత్రం కదలట్లేదు. పెద్దపూల రకాల్లో కొన్ని బద్ధకంగా లేస్తాయి, వాటి కోసం ఇంకో వారం కూర్చోవాలి. కనపడలేదని కోసేస్తే నిద్రపోతున్న కళ్ళను కత్తికి బలిచ్చినట్టే.

మార్చి, కోత

ఎదురుచూసిన పని ఇదే. బల్ల మీద కాగితాలు పరిచి, పెద్ద కట్టర్, చిన్న ప్రూనర్, సన్నటి పదునైన కత్తి పెట్టుకున్నాను. పక్కన బకెట్‌లో ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతులు నీళ్ళు. ఒక గుత్తి అయ్యాక ఇంకో గుత్తికి వెళ్ళే ముందు పనిముట్లన్నీ అందులో ముంచుతాను. ఈ విషయంలో రాజీ పడను. డేలియా మొజాయిక్ వైరస్ లాంటివి రసం ద్వారా కత్తి మీదుగా పక్క మొక్కకు పోతాయి. ఒకసారి ఒంట్లో చేరితే ఆ మొక్కకు మందు లేదు, దాని దుంపల్లోనూ, వాటి పిల్లల్లోనూ ఉంటుంది. స్పిరిట్ బాక్టీరియా మీద పనిచేస్తుంది గానీ వైరస్‌ల దగ్గర దాన్ని నమ్ముకోలేం. బ్లీచ్ ఇనుమును తినేస్తుంది కాబట్టి సాయంత్రం అన్నీ కడిగి, తుడిచి, నూనె రాస్తున్నాను.

థామస్ ఎడిసన్ గుత్తి ఒకదాన్ని ఎలా కోశానో వివరంగా రాస్తాను. రెండు చేతులకు నిండుగా ఉంది. దుంపలు అన్ని వైపులకూ పరుచుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ముందు పీచు వేర్లు, సన్నటి తోకలు కత్తిరించాను. తర్వాత విరిగి వేలాడుతున్నవి తీసేశాను. దుంప తోక పట్టుకుని కాస్త ఎత్తితే మెడ నిటారుగా నిలవాలి. మెడ దగ్గర మడత పడి తోలు చుట్టూ గీత కనిపిస్తే లోపల నరాలు తెగినట్టే. దుంపలోని తిండి ఆ మెడ గుండానే కంటికి చేరాలి, దారి తెగాక దుంప ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఆ తర్వాత కాడను పైనుంచి చూశాను. కళ్ళు ఒకవైపు గుంపుగా, ఇంకోవైపు పలచగా ఉన్నాయి. కాడ నడినెత్తిన పెద్ద కట్టర్ పెట్టి, రెండువైపులా కళ్ళు పంచుకునేలా నిలువునా చీల్చాను. ఇక్కడే బలం కావాలి. ఒక్కసారి రెండుగా విడిపోయాక మిగతాదంతా సులువు, లోపలి అమరిక మొత్తం కనపడుతుంది, ఏ మెడ ఏ కంటికి పోతుందో తెలుస్తుంది. సగాన్ని మళ్ళీ పావులు చేసి, ఆ పైన చిన్న కత్తితో ఒక్కో దుంపనూ దాని కాడ ముక్కతో, కన్నుతో సహా వేరు చేశాను. రెండు దుంపల మధ్య ఒకే కన్ను ఉంటే కన్నును చీల్చకూడదు. రెండు దుంపల్నీ కలిపే ఉంచాలి, లేదంటే ఒక దుంపను వదులుకుని కన్ను చుట్టూ కండ ఎక్కువ వదలాలి. నేను కలిపే ఉంచాను.

పక్కన కూర్చుని పేర్లు రాస్తున్న అక్క, చెత్త బుట్టలోంచి ఒక పెద్ద దుంపను తీసి, "ఇంత గట్టిగా ఉందిగా, దీన్నెందుకు పడేస్తున్నావు?" అంది.

"కన్ను లేదక్కా. నాటితే వేర్లు కూడా వస్తాయి, మొలక మాత్రం రాదు."

"మరి ఈ వేలెడంతది దాచావేం?"

దాన్ని తిప్పి చూపించాను. అంగుళం మెడ, దాని తలమీద కాడ ముక్క, ముక్క మీద పచ్చగా రెండు కళ్ళు. పెన్సిల్ సెల్లంత దుంప చాలు, మొక్క లేవడానికి. వేర్లు పట్టుకున్నాక అది నేల నుంచే తింటుంది, వేసవి చివరికి పెద్ద దుంప మొక్కకూ దీనికీ తేడా చెప్పడం కష్టం. మరీ పెద్ద దుంప అయితే మొక్క దాని తిండితోనే బతుకుతూ కొత్త దుంపలు ఊరబెట్టడంలో వెనకబడుతుందని పాత పెంపకందార్లు అంటారు. అందుకే చాలా పెద్దవాటిని తోక వైపు కొంత కోసేస్తాను. డేలియా దుంపను కింది నుంచి కురచ చేసినా నష్టం లేదు, కోత ఆరితే చాలు.

గుత్తిని కోయకుండా అలాగే నాటితే ఏమవుతుందని అడిగేవాళ్ళుంటారు. పూస్తుంది. కానీ ఒకే చోటు నుంచి కాడలు గుంపుగా లేచి, ఒకదానికొకటి వెలుతురు లేకుండా చేసుకుంటాయి, పూలు చిన్నవవుతాయి. తర్వాతి ఏడాదికి ఆ గుత్తిని తవ్వి ఎత్తడమే ఒక పెద్ద పని.

ఒక గుత్తిని మాత్రం కోయకుండానే పక్కన పెట్టాను. కాడ మొదట్లో గరుకుగా, ముద్దగా కణితి. అదే చోటు నుంచి పదుల కొద్దీ సన్నటి, పొట్టి మొలకలు కుప్పగా లేచాయి. ఆరోగ్యమైన కళ్ళు విడివిడిగా, దిట్టంగా ఉంటాయి, ఇలా గుంపుగా నలిగి ఉండవు. కణితి ఆగ్రోబాక్టీరియం వల్ల వస్తుంది, మొలకల కుప్ప రోడోకాకస్ వల్ల. ఏదైనా సరే మందు లేదు. కణితిని కోసేసి మిగతాది నాటుదామన్న ఆశ పెట్టుకోకూడదు, ఆ బాక్టీరియా గుత్తి మొత్తం మీద, మట్టిలో కూడా ఉంటుంది. మంచి రకమే, ప్రాణం ఒప్పలేదు. అయినా సంచిలో కట్టి చెత్తలో వేశాను. కంపోస్టు గుంతలో వేయలేదు. ఆ గుత్తి పెరిగిన చోట ఈసారి డేలియా నాటను.

కోసినవన్నీ కోత పైకి ఉండేలా గాలాడే చోట పెట్టాను. ఒకటి రెండు రోజుల్లో కోసిన చోట పొర కట్టి, వేలికి పొడిగా తగులుతుంది. అప్పుడే దుంప మీద మార్కర్‌తో రకం పేరు రాశాం. కాగితం చీటీలు తడికి పోతాయి, దుంప చూసి రకం చెప్పడం ఎవరి వల్లా కాదు.

మార్చి చివర, కుండీలు

కళ్ళు బాగా లేచినవాటిని ముందుగా కుండీల్లో పెట్టాను. చివరి మంచుకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు ఇలా మొదలుపెడితే పూలు అంత ముందుగా వస్తాయి. రెండో లాభం, ఏది మొలుస్తుందో ఏది గుడ్డిదో నేలలో చోటు వృథా కాకుండానే తెలుస్తుంది.

కాఫే ఓ లే చివరికి లేచింది గానీ కళ్ళు తక్కువ, దుంపలూ తక్కువ. దాన్ని కొమ్మలతో పెంచుతున్నాను. మొలక 7, 8 సెంటీమీటర్లు రాగానే, అడుగున కొంచెం వదిలి, ఆకు కణుపు కింద కోసి, ఇసుక కలిపిన కోకోపీట్‌లో గుచ్చాను. అడుగున వదిలిన ముక్క నుంచి ఇంకొన్ని మొలకలు వస్తాయి. రెండు మూడు వారాల్లో కొమ్మకు వేర్లు వస్తాయి, అదే సీజన్లో దుంపలూ ఊరతాయి. ఒక్క దుంపను పదిగా చేసుకునే దారి ఇదే.

మే మొదట్లో, నాటడం

నేల 15 డిగ్రీలకు వచ్చి, మంచు భయం పోయాక నాటాను. చల్లటి తడి నేలలో పెడితే ఐదారు నెలలు కాపాడిన దుంప నాలుగు వారాల్లో కుళ్ళుతుంది. గుంత 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు, మధ్య దూరం 45 నుంచి 60. ఊతకర్ర ముందు పాతి, తర్వాత దుంపను కన్ను పైకి, కర్ర వైపు ఉండేలా అడ్డంగా పడుకోబెట్టాను. తర్వాత పాతితే కర్ర ఎక్కడ దుంపలో దిగుతుందో తెలియదు. నేలలో తడి ఉంది కాబట్టి మొలక పైకి వచ్చేదాకా నీళ్ళు పోయను. వేర్లు లేని దుంప నీళ్ళు తాగలేదు, నానుతుంది.

నిల్వ పోలిక విషయానికొస్తే, వర్మిక్యులైట్‌లో పెట్టినవి అన్నిటికన్నా బిగువుగా లేచాయి. ప్లాస్టిక్ పొరలోవి కూడా దాదాపు అంతే బాగున్నాయి, చోటు మాత్రం చాలా తక్కువ తీసుకున్నాయి. చిత్రిక పొట్టు లావు దుంపలకు సరిపోయింది, సన్నటి దుంపలకు చాలలేదు. రకాలు వేరు కాబట్టి ఇదే తుది తీర్పు అనను. వచ్చే చలికాలం ఒకే రకం గుత్తిని మూడు చోట్లా పంచి పెడతాను, చిన్నపూల రకాలన్నీ వర్మిక్యులైట్‌లోకే పోతాయి.

బిషప్ మొలకలు అప్పుడే నేల చీల్చుకుని వచ్చాయి, ముదురు రంగు ఆకులతో. నత్తలకు లేత డేలియా చాలా ఇష్టం కాబట్టి రాత్రిపూట టార్చి వేసి ఏరేస్తున్నాను. మూడు నాలుగు జతల ఆకులు రాగానే తలలు తుంచుతాను, పక్క కొమ్మలు వేయడానికి. ఇంకా లేవని వరసలు కొన్ని ఉన్నాయి. కొన్ని రకాలు ఆరు వారాలు కూడా తీసుకుంటాయి, అప్పటిదాకా వాటిని తవ్వి చూడను.